గసగసాలంత డొప్పలతో నేల పొరల వయసు కట్టడం: నెల్లూరు, ప్రకాశం తీరాల్లో ఆస్ట్రకాడ్ల పని మొదలుపెట్టేవాళ్లకు

కృష్ణపట్నం వైపు రొయ్యల గుంటల మధ్య బోరు దిగుతుంటే, పక్కన పోసిన బూడిదరంగు బురదను గరిటెతో ఎత్తి సంచుల్లో వేసుకుంటున్నాను. రిగ్గు దగ్గరున్న పెద్దాయన చాలాసేపు ఓర్చుకుని చివరికి అడిగేశాడు: "ఏంది సామీ, నీళ్లు పడతాయో లేదో చూడకుండా బురద మూట కట్టుకుంటుండారే?" మీ గుంటల్లో పెరిగే వెనామీ రొయ్యకు దూరపు చుట్టాలు ఇందులో ఉన్నాయంటే నమ్మలేదు. మట్టి కడిగి, మైక్రోస్కోప్ కింద పెట్టి, ఫొటో తీసి పంపాక "ఇయ్యి ఆల్చిప్ప పిల్లలు గదా" అన్నాడు. కాదు. అయితే ఆ పొరపాటు చదువుకున్నవాళ్లూ చేస్తారు, దాని సంగతి కింద వస్తుంది.

అవి ఆస్ట్రకాడ్లు. రొయ్య, పీత ఉన్న క్రస్టేషియన్ల కుటుంబంలోవే. ఒళ్లంతా రెండు చిప్పల డొప్పలో దాచుకుని బతుకుతాయి. ఎక్కువ జాతులు అర మిల్లీమీటరు నుంచి రెండు మిల్లీమీటర్ల లోపే, అంటే గసగసాల గింజ నుంచి ఆవగింజ దాకా. చిప్ప కాల్సైటుతో కట్టినది కాబట్టి ప్రాణి కుళ్లిపోయినా మట్టిలో నిలుస్తుంది. సుమారు 48 కోట్ల ఏళ్ల నాటి ఆర్డోవిషియన్ రాళ్ల నుంచి నిన్నటి వరిమడి బురద దాకా వీటి డొప్పలు దొరుకుతాయి. సముద్రం, ఉప్పుటేరు, చెరువు, బావి, ఏ నీటిలోనైనా వీటిలో ఏదో ఒక జాతి ఉంటుంది.

పనిలోకి దిగే ముందే ఒక్క మాట. ఆస్ట్రకాడ్ మొదట నీటి సంగతి చెబుతుంది, కాలం సంగతి తర్వాత చెబుతుంది. ఈ వరస తారుమారు చేసినవాళ్లే పొరలకు తప్పు వయసులు కడతారు.

1. ఎక్కడ వెతక్కూడదు

మన ప్రాంతంలో రాయికి కరువు లేదు, కానీ అందులో ఎక్కువభాగం ఈ పనికి పనికిరాదు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు కరిగిన శిలాద్రవం భూమి లోపల చల్లారి గట్టిపడినది. గూడూరు, సైదాపురం అభ్రకం గనుల రాళ్లు వేడికీ ఒత్తిడికీ రూపం మారినవి, కరిగి గడ్డకట్టినవి. వాటిలో చిప్పలు వెతకడం ఇటుకబట్టీలో చేపలు పట్టడమే.

మోసం చేసేది మార్కాపురం పలక. ఆకు పొరల్లా విడిపోతుంది, నీటి అడుగున పేరుకున్న బురదే, చూడగానే "ఇందులో ఏదో ఉంటుంది" అనిపిస్తుంది. నేనూ ఆ పలకల మీద అక్షరాలు దిద్దినవాణ్ణే, ఆశపడ్డవాణ్ణే. ఆ పొరల వయసు 100 కోట్ల ఏళ్లకు పైమాటే. డొప్ప కట్టే జీవులే అప్పటికి పుట్టలేదు.

వెతకాల్సిన చోట్లు రెండు. ఒకటి, ఒంగోలు పరిసరాల్లో అక్కడక్కడా బయటపడే గోండ్వానా పొరలు: కింద బూదవాడ ఇసుకరాయి, దానిపైన వేమవరం షేలు (బురద గట్టిపడి పొరలుగా విడిపోయే రాయి), అన్నిటికన్నా పైన పావులూరు ఇసుకరాయి. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ తీరం గురించి 1879లోనే సవివరంగా రాశాడు. షేలులో ఆకుల ముద్రలతో పాటు అమ్మొనైట్లు (చుట్టలు తిరిగిన డొప్పలున్న, ఎప్పుడో అంతరించిన సముద్రజీవులు) కూడా దొరికాయి. 1933లో జీవాశ్మ శాస్త్రవేత్త స్పాత్ పేరుపెట్టిన ఒక అమ్మొనైటుకు జాతి పేరే బుదవాడెన్సిస్. ఆ అమ్మొనైట్ల వల్లే ఈ పొరలు తొలి క్రిటేషియస్ కాలానివని, అంటే సుమారు 14.5 నుంచి 10 కోట్ల ఏళ్ల మధ్యవని తేలింది. ఇలాంటి షేలులో సున్నం కరిగిపోయి ఉంటే చిప్పలు దొరకవు, వాటి అచ్చులే మిగులుతాయి. కాబట్టి కడగడానికి ముందు రాతిని పొరలుగా చీల్చి భూతద్దంతో చూడండి.

రెండోది, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది, తీరం వెంట ఉన్న లేత మట్టి. పెన్నా, మన్నేరు, పాలేరు, గుండ్లకమ్మ తెచ్చిన ఒండ్రు, బకింగ్‌హాం కాలువ చుట్టూ ఉన్న ఉప్పుటేర్ల నల్లబురద, ఇసుక దిబ్బల వెనక పల్లాలు. సుత్తి అక్కర్లేదు, నీళ్లు చాలు.

2. చచ్చినవాటికన్నా ముందు బతికున్నవాటిని పట్టండి

ఈ మెట్టు చాలామంది దాటేస్తారు. మీ ఊరి చుట్టూ ఇవాళ ఏ నీటిలో ఏ ఆస్ట్రకాడ్ ఉందో తెలియకపోతే, 6 మీటర్ల లోతున దొరికిన డొప్ప ఏ నీటిదో ఎలా చెబుతారు?

అయిదు చోట్ల నుంచి పైపై మట్టి, ఒక్క సెంటీమీటరు మందం మాత్రమే, గీకి తీసుకోండి: వరిమడి, ఊరచెరువు అంచు, ఉప్పుటేరు మధ్యభాగం, ఏరు సముద్రంలో కలిసే మొగ, ఆ మొగకు బయట సముద్రం. చివరిదానికి వల వేసేవాళ్లను బతిమాలుకోవాలి. లంగరుకు అంటుకొచ్చిన బురద ఇస్తే అదే చాలు. మట్టి తీయగానే స్పిరిట్‌లో కలిపిన రోజ్ బెంగాల్ రంగు పోస్తే, తీసినప్పుడు బతికున్న ప్రాణుల మెత్తటి ఒళ్లు గులాబీరంగు తేలుతుంది. ఖాళీ చిప్పలకు ఆ రంగు పట్టదు. అలా ఏది అక్కడే కాపురముందో, ఏది కొట్టుకొచ్చిందో తెలిసిపోతుంది.

పులికాట్ అభయారణ్యం హద్దుల్లో మట్టి తీయాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. రొయ్యల గుంటల దగ్గరైతే రైతును అడగండి. పరాయివాళ్లు గుంట గట్టెక్కితే జబ్బు మోసుకొస్తారని భయపడతారు, ఆ భయంలో న్యాయముంది.

3. నమూనా తీయడం

ఏటి గట్టు కోసుకుపోయి పొరలు నిలువునా కనబడితే అదృష్టమే. గట్టు ముఖాన్ని ఒక జానెడు లోపలికి చెక్కి, ఎండా గాలీ తగలని కొత్త ముఖం నుంచి, కింద నుంచి పైకి తీయండి. పై నుంచి మొదలుపెడితే రాలిన మట్టి కింది పొరల మీద పడుతుంది. ఒక్కో నమూనా 200 గ్రాములు. రంగు, గరుకుతనం మారిన ప్రతిచోటా ఒకటి, మారకపోయినా 10 నుంచి 20 సెంటీమీటర్లకొకటి.

గట్టు లేనిచోట చేతి ఆగరు (తిప్పుతూ మట్టిలోకి దింపే మర)గానీ, పీవీసీ గొట్టంగానీ. మెత్తటి బురదలో గొట్టాన్ని సుత్తితో దింపి, పైమూత బిగించి లాగితే మట్టి కడ్డీలా వస్తుంది. దాన్ని నిలువునా రెండుగా కోసి, ఒక సగం దాచి, రెండో సగం మీదే పని చేయండి.

రిగ్గు బోరు బురదతో జాగ్రత్త. గుంత గోడల నుంచి పై పొరల మట్టి రాలి కిందికి పోయి, లోతు నుంచి వచ్చేదానితో కలిసి బయటికొస్తుంది. అందుకే చమురు బావుల దగ్గర పనిచేసేవాళ్లకు ఒక నియమం ఉంది: దిగుతూ పోతున్నప్పుడు ఒక జాతి మొదటిసారి ఎక్కడ కనబడిందో అది నమ్మదగిన గుర్తు, ఎక్కడ ఆగిపోయిందో అది నమ్మరానిది. అది ఆగిపోయిన లోతుకన్నా కింద కూడా పైనుంచి రాలినవి వస్తూనే ఉంటాయి. దిగుతూ మొదటిసారి కనబడటమంటే కాలక్రమంలో ఆ జాతి చివరిసారి కనబడటం. మొదట్లో ఇది తిరకాసుగా అనిపిస్తుంది, కాగితం మీద బావి గీసుకుని రెండుసార్లు వేలు కిందికీ పైకీ పోనిస్తే తేలిపోతుంది.

సంచి లోపల ఒక చీటీ, సంచి మీద ఒక చీటీ, రెండూ పెన్సిలుతోనే రాయండి. ఒకసారి జెల్ పెన్నుతో రాసి, తడి తగిలి చీటీలన్నీ నీలం మరకలై, రెండు రోజుల తిరుగుడు నీళ్లపాలైంది. లోతుతో పాటు నేలమట్టం సముద్రమట్టానికి ఎంత ఎత్తో కొలిపించుకోండి. ఇది ఎందుకో ఎనిమిదో మెట్టులో అర్థమవుతుంది.

4. కడగడం

మట్టిని ఎండలోగానీ, 50 డిగ్రీలు దాటని వేడిలోగానీ పూర్తిగా ఆరబెట్టి తూచండి. 100 గ్రాములు చాలు. ఎండిన మట్టి మీద వేడినీళ్లు పోస్తే బంకమట్టి దానంతటదే విచ్చుకుంటుంది. తడి మట్టి మీద పోస్తే ముద్దగానే ఉండిపోతుంది. చెంచాడు వాషింగ్ సోడా (వంటసోడా కాదు) వేసి రాత్రంతా నానబెట్టండి. కుళ్లిన ఆకు, పేడ ఎక్కువున్న నల్లబురదకు పలుచటి హైడ్రోజన్ పెరాక్సైడు కాసేపు వాడొచ్చు, చేతికి తొడుగులతో. పొంగు తగ్గగానే కడిగేయాలి, ఎక్కువసేపు ఉంచితే పలుచని చిప్పల అంచులు కరిగిపోతాయి.

గట్టి షేలుకు ఇంకో పద్ధతి: పెళ్లలుగా కొట్టి, బాగా ఎండబెట్టి, కిరోసిన్‌లో కొన్ని గంటలు నానబెట్టి, కిరోసిన్ వంపేసి వెంటనే నీళ్లు పోయండి. రాతి సందుల్లోకి దూరిన కిరోసిన్‌ను నీరు తోసేస్తుంటే పెళ్ల దానంతటదే చూర్ణమవుతుంది. ఆరుబయట చేయండి, పొయ్యికి దూరంగా.

ఆమ్లం మాత్రం వద్దు. చిప్పలకు అంటిన తెల్లటి పొర వదలాలని ఒకసారి నీళ్లలో నిమ్మరసం పిండాను. పొర పోయింది, దాంతో పాటు చిప్పలూ పోయాయి. గిన్నెలో బుడగలు మాత్రం మిగిలాయి.

నానిన మట్టిని 63 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) జల్లెడ మీద పోసి, సన్నని ధారతో, వేలితో రుద్దకుండా, కింద తేటనీరు పడేదాకా కడగాలి. ప్రయోగశాల జల్లెడ ఖరీదు ఎక్కువనుకుంటే, పెళ్లికార్డులు అచ్చువేసే స్క్రీన్ ప్రింటింగ్ వాళ్ల సన్న గుడ్డను లావు పీవీసీ గొట్టం ముక్కకు బిగించుకోండి, కన్నం కొలత అడిగి తీసుకుంటే చాలు. ప్రతి నమూనాకూ ముందు జల్లెడను మిథిలీన్ బ్లూ నీళ్లలో ముంచండి. పాత నమూనా చిప్పలేవైనా కన్నాల్లో ఇరుక్కుని ఉంటే నీలంగా మారతాయి, తర్వాతి పొరలో నీలం చిప్ప కనబడితే అది దొంగ అని తెలుస్తుంది. ఆఖరి కడుగు ఉప్పులేని మంచినీళ్లతో. మన తీరం బోరునీళ్లతో ముగిస్తే ఆరిన తర్వాత చిప్పల మీద ఉప్పు పొడి మెరుస్తుంది.

5. ఏరడం

ఆరిన ఇసుకను 125 మైక్రాన్ల జల్లెడతో రెండుగా విడదీసి, ముందు పెద్దవి చూడండి. నల్లటి పళ్లెం, 20 నుంచి 80 రెట్లు పెద్దది చేసే స్టీరియో మైక్రోస్కోప్, మూడు సున్నాల (000 నంబరు) సన్న కుంచె. కుంచె కొనను కాస్త తడిపి తాకిస్తే చిప్ప అతుక్కుని వస్తుంది. పలుచగా చల్లుకోవాలి, బియ్యంలో రాళ్లు ఏరే ఓపికతో వరసగా పోవాలి. ఒక్కో నమూనా నుంచి 300 చిప్పలు ఏరగలిగితే లెక్కకు బలం ఉంటుంది. అన్ని రాకపోతే వచ్చినన్నిటినీ, ఎన్ని గ్రాముల నుంచి వచ్చాయో రాసుకుని.

ఇక్కడే ఆల్చిప్ప పిల్లల గొడవ. ఆల్చిప్ప పిల్లకు కీలు దగ్గర ముక్కులాంటి కొన ఉంటుంది, దాని చుట్టూ పెరిగిన గీతలు వలయాలుగా ఉంటాయి. ఆస్ట్రకాడ్‌కు రెండూ ఉండవు. అది ఆల్చిప్పలా డొప్పకు అంచు కలుపుకుంటూ పెరగదు, రొయ్యలా పాత డొప్ప విడిచి కొత్తది కట్టుకుంటుంది. రొయ్యల రైతుకు ఈ మాట వివరించక్కర్లేదు, అమావాస్య పున్నాలకు గుల్ల మార్చడం చూస్తూనే ఉంటాడు. క్లామ్ ష్రింప్ అనే ఇంకో క్రస్టేషియన్ మాత్రం డొప్ప విడవకుండానే పెంచుకుంటుంది, అందుకే దానికి గీతలుంటాయి. సున్నాలా గుండ్రంగా మరచుట్టలు తిరిగిన గింజలు కనబడితే పారేయకండి, అవి కేరా అనే నీటిమొక్క విత్తుసంచులు. ఉప్పు తక్కువ నీటికి మంచి సాక్ష్యం.

6. పేరు పెట్టడం

చిప్పను వెల్లకిలా తిప్పండి. బయటి చెక్కడం అందంగా ఉంటుంది, కానీ కులగోత్రాలు లోపలే ఉంటాయి. డొప్ప మూసే కండరం అతుక్కున్న మచ్చలు చూడండి. నాలుగు మచ్చలు నిలువు వరసలో, వాటి ముందు ఒకటో రెండో విడిగా ఉంటే సైథెరిడ్ల వర్గం. సముద్రం, ఉప్పుటేరు జాతుల్లో ఎక్కువ ఇవే. మచ్చలు గుంపుగా, వరస లేకుండా ఉంటే సైప్రిడ్ల వర్గం. చెరువు, వరిమడి జాతుల్లో ఎక్కువ ఇవి. పువ్వు రేకుల్లా చుట్టూ తిరిగి ఉంటే డార్విన్యులా. చిప్పను నీటిబొట్టులో తడిపి కింది నుంచి వెలుతురు పంపితే మచ్చలు బాగా తేలతాయి.

తర్వాత కీలు. మంచినీటి జాతుల కీలు చాలావరకు ఉత్త గాడి, అంచు. అలల దెబ్బ తినే సముద్ర జాతుల కీలుకు పళ్లు, వాటికి సరిపడే గుంటలు, తలుపు మడతబందులా గట్టిగా. తర్వాత ముందువైపు అంచు లోపలి పట్టీ వెడల్పు, దాన్ని దాటిపోయే సన్నని రంధ్రాలు.

మన తూర్పు తీరపు ఉప్పుటేర్లలో కైజెల్లా, హెమిసైథెరిడియా, నియోమోనోసెరటినా, టానెల్లా, లాక్సోకాంకా ప్రజాతులు తరచూ ఎదురవుతాయి. మంచినీటి వైపు సైప్రిస్, సైప్రిడాప్సిస్, స్టెనోసైప్రిస్, హెమిసైప్రిస్. జాతి దాకా పోలేకపోతే సిగ్గుపడనక్కర్లేదు, "లాక్సోకాంకా, రకం 2" అని రాసి ఫొటో పెట్టుకోండి. తప్పు పేరు కన్నా పేరులేని మంచి ఫొటో మేలు. ఆడ, మగ డొప్పలు ఒకే జాతిలో వేరు ఆకారాల్లో ఉంటాయనీ, పిల్లడొప్పలకు కీలు, చెక్కడం పూర్తిగా ఏర్పడవనీ మరవకండి. పిల్లను కొత్త జాతి అనుకుని సంబరపడటం ఈ రంగంలో పాత జబ్బు.

7. కాపురమా, కొట్టుకొచ్చిందా

ఒక ఆస్ట్రకాడ్ పెద్దదయ్యేలోపు సాధారణంగా 8 సార్లు డొప్ప విడుస్తుంది. అంటే ఒక్క ప్రాణి పిల్లచిప్పలు, పెద్దచిప్పలు కలిపి 18 దాకా వదిలి పోగలదు. కాబట్టి ఒక జాతి నిజంగా అక్కడే బతికితే మట్టిలో అన్ని సైజుల పిల్లచిప్పలూ, కొన్ని పెద్దవీ కలిసి దొరకాలి. అన్నీ ఒకే సైజు పెద్దవే ఉంటే నీటి ఊపు వాటిని చేట చెరిగినట్టు వేరుచేసి తెచ్చింది. అన్నీ చిన్న పిల్లచిప్పలే ఉంటే, పెద్దవాటిని వెనక వదిలి తేలికవి ఇక్కడికి చేరాయి. రెండు చిప్పలూ మూసుకున్న డొప్పలు ఎక్కువుంటే మట్టి త్వరగా కప్పేసిందన్నమాట. అరిగి, గోధుమరంగు తిరిగి, ఇసుక నిండిన చిప్పలు తాజావాటి మధ్య కనబడితే అవి ఏ పాత పొర నుంచో తవ్వుకొచ్చినవి.

వయసుకు పనికొచ్చేవి కాపురమున్నవి మాత్రమే. ప్రతి జాతికీ పెద్దవెన్ని, పిల్లలెన్ని, మూసినవెన్ని అని మూడు గడులు పట్టికలో పెట్టుకుంటే ఈ పరీక్ష దానంతటదే అయిపోతుంది.

8. ఇప్పుడు కాలం

పాత రాళ్లకూ లేత మట్టికీ దారులు వేరు.

పాత రాళ్లలో జాతులు పుట్టి అంతరించిపోయాయి. ఒక జాతి మొదటిసారి, చివరిసారి కనబడిన మట్టాల మధ్య దూరం దాని ఆయుష్షు. ఇద్దరు ముగ్గురి ఆయుష్షులు కలిసిన మధ్యభాగం ఒక మండలం. ఒకే మండలం రెండు చోట్ల దొరికితే ఆ పొరలకు వియ్యం కుదిరినట్టు, అంటే రెండూ ఒకే కాలానివి. అమ్మొనైట్లు, ఫొరామినిఫెరాలు (డొప్ప కట్టుకునే ఏకకణ సముద్రజీవులు) అడుగుపెట్టని సరస్సు పొరల్లో ఆస్ట్రకాడ్లకు సాటి లేదు. అట్లాంటిక్ ఇంకా తెరుచుకోని తొలి క్రిటేషియస్‌లో బ్రెజిల్, గబోన్ సరస్సుల్లో ఒకే తీరు ఆస్ట్రకాడ్లుండేవి. సముద్రానికి రెండు ఒడ్డుల చమురు పొరలను జతకలపడానికి అవి ఆధారమయ్యాయి. మన దక్కన్ లావా పొరల మధ్య మట్టిలో దొరికిన సైప్రిస్‌కు సోవర్బీ 1840లోనే పేరు పెట్టాడు.

రెండు చోట్ల పొరలను గీత మీద పోల్చడానికి 1964లో అలన్ షా చెప్పిన పద్ధతి ఇప్పటికీ పనిచేస్తుంది. గ్రాఫు కాగితం మీద అడ్డంగా ఒక చోటి ఎత్తులు, నిలువుగా ఇంకో చోటి ఎత్తులు వేసుకోండి. ప్రతి జాతి మొదటి, చివరి కనబడటాలను చుక్కలుగా పెట్టండి. చుక్కల మధ్య నుంచి పోయే గీతే జత. గీత ఒకచోట అడ్డంగా పడుకుంటే నిలువుగా ఎత్తులు వేసుకున్న ఆ రెండో చోట కొంతకాలం మట్టి పేరుకోలేదు, లేదా పేరుకుని కొట్టుకుపోయింది.

ఒక్క సాక్షిని నమ్ముకోవద్దనడానికి రాజమండ్రి దగ్గర లావా పొరల మధ్యనున్న సున్నపు పొరలే చాలు. అక్కడి ఆస్ట్రకాడ్లు చెప్పింది అది ఉప్పుటేరు, తీరపు నీరు అని. డైనోసార్లు పోయిన 6.6 కోట్ల ఏళ్ల నాటి గీతకు కాస్త ఇవతలి పొర అని తేల్చింది మాత్రం తేలియాడే ఫొరామినిఫెరాలు, గెర్టా కెల్లర్ బృందం 2008లో ప్రచురించిన పనిలో.

లేత మట్టిలో ఆయుష్షు లెక్క పనిచేయదు. గత పదివేల ఏళ్ల ఆస్ట్రకాడ్లలో దాదాపు అన్నీ ఇవాళా బతికున్న జాతులే. కైజెల్లా దొరికింది కాబట్టి ఇంత వయసు అనడానికి లేదు. అయితే ఏం చేయాలి? నీటి కథను చదివి, ఆ కథలో మలుపును జతకలపాలి. సుమారు 20,000 ఏళ్ల క్రితం మంచుయుగం గడ్డకట్టినప్పుడు సముద్రమట్టం ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు కింద ఉండేది. తర్వాత లేచి, సుమారు 6,000 ఏళ్ల నాటికి మన తీరానికి ఇప్పటి మట్టం దాకా, కొన్నిచోట్ల కొంచెం లోపలికీ వచ్చింది. తీరానికి దూరంగా ఇవాళ పొలాల్లో ఉన్న ఇసుక దిబ్బలు కొన్ని అప్పటి ఒడ్డులే.

ఒక ఉదాహరణ కట్టి చూపిస్తాను, అంకెలు నేను ఊహించినవే. బోరు 1 బకింగ్‌హాం కాలువకు తూర్పున, బోరు 2 అయిదు కిలోమీటర్లు పడమట. రెండింటి ఎత్తులూ సముద్రమట్టంతో సరిచూసుకున్నాం.

బోరు 1లో కింద 12 నుంచి 9 మీటర్ల దాకా ఖాళీ ఇసుక. 9 నుంచి 7 దాకా నల్లబురద, కైజెల్లా, హెమిసైథెరిడియా, పిల్లా పెద్దా కలిసి. 7 నుంచి 4 దాకా ఇసుక బురద, అందులో మొగ బయటి సముద్రపు జాతులు. 4 నుంచి 1.5 దాకా మళ్లీ కైజెల్లా బురద. ఆపైన సైప్రిడాప్సిస్, కేరా గింజలు. బోరు 2లో 8 నుంచి 6 దాకా ఖాళీ ఎర్రబంక, 6 నుంచి 5 దాకా సైప్రిస్, 5 నుంచి 3 దాకా కైజెల్లా బురద, ఆపైన మళ్లీ మంచినీటివి.

చూడగానే చేయి ఎటు పోతుంది? బోరు 1 అడుగు కైజెల్లా బురదనూ బోరు 2 కైజెల్లా బురదనూ గీతతో కలిపేస్తుంది. అవే జాతులు, అదే నలుపు, అదే వాసన. నేనూ మొదట్లో ఇలా కలిపినవాణ్ణే, ఆ గీతలన్నీ ఇప్పుడు నోటుబుక్కులో కొట్టేసి ఉన్నాయి.

ఆలోచించండి. సముద్రం పడమటికి జరుగుతుంటే ఉప్పుటేరు పట్టీ దాని ముందు జరుగుతుంది. బోరు 1 దగ్గర ఉప్పుటేరు ఉన్నప్పుడు బోరు 2 దగ్గర ఇంకా చెరువే. సముద్రం బోరు 1ను ముంచినప్పుడే ఉప్పుటేరు బోరు 2 దాకా చేరింది. కాబట్టి కాలంలో జత కుదిరేది బోరు 1లో సముద్ర జాతులు అత్యధికంగా ఉన్న 5.5 మీటర్ల మట్టానికీ, బోరు 2లో ఉప్పు జాతులు అత్యధికంగా ఉన్న 4 మీటర్ల మట్టానికీ. జాతులు వేరు, కాలం ఒకటి. ఒకే జాతులున్న రెండు బురదల్లో బోరు 1 అడుగుది పాతది. పక్కపక్కన ఉన్న నీళ్లే తర్వాత ఒకదాని మీద ఒకటిగా పేరుకుంటాయని యోహానెస్ వాల్తర్ 1894లో చెప్పిన సూత్రం ఇదే.

అందుకే జాతి పేరు మీద గీత గీయకండి, మలుపు మీద గీయండి. సముద్రం అన్నిటికన్నా లోపలికి వచ్చి వెనుదిరిగిన క్షణం తీరమంతా దాదాపు ఒకేసారి జరుగుతుంది. ఉప్పుటేరు బురద అడుగుభాగం మాత్రం ప్రతి ఊళ్లో వేరే రోజున వచ్చింది. పెన్నా మొగ లాంటి చోట ఇంకో చిక్కు: పెద్ద వరద వచ్చి మొగను తెరిచినా, ఇసుక మేటవేసి మూసినా ఉప్పు మారిపోతుంది, సముద్రమట్టానికి సంబంధం లేకుండా. ఒక్క బోరులో కనబడి పక్క రెండింటిలో కనబడని మలుపును తీరం మొత్తానికి అంటగట్టకండి.

9. అంకె కావాలంటే

జత కుదిరాక ఏళ్లలో వయసు కావాలంటే రేడియోకార్బన్, అంటే చిప్పలో మిగిలిన రేడియోధార్మిక కార్బన్‌ను కొలిచి వయసు లెక్కకట్టడం. దాదాపు 50,000 ఏళ్ల లోపు మట్టికే ఇది పనిచేస్తుంది. ఆస్ట్రకాడ్ చిప్ప బరువు మిల్లీగ్రాములో వందోవంతుల్లో ఉంటుంది కాబట్టి ఒక్క పరీక్షకు శుభ్రమైన పెద్దచిప్పలు వందలకొద్దీ ఏరాలి, అవీ ఒకే జాతివైతే మేలు. త్వరణ యంత్రంతో ఇంత చిన్న నమూనాను కొలిచే సదుపాయం న్యూఢిల్లీ ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్లో ఉంది. మన విశ్వవిద్యాలయాల ద్వారా అడగాలి.

వచ్చిన అంకెను అలాగే రాయకూడదు. సముద్రపు నీటిలోని కార్బన్ ముందే పాతది, అందువల్ల సముద్ర చిప్ప అసలుకన్నా కొన్ని వందల ఏళ్లు ముసలిదిగా కనబడుతుంది. సముద్ర జాతులకు ఆ తరుగు తీయాలి, మంచినీటివాటికి వేరే లెక్క, ఉప్పుటేరు జాతులకు రెండింటి మధ్య. ఏ పొరలో ఏ నీరో మీరు ముందే తేల్చుకుని ఉండకపోతే ఏ తరుగు తీయాలో తెలియదు. వీలైతే అదే పొర నుంచి ఒక ఆకుముక్కో బొగ్గుముక్కో పంపండి. రెండు అంకెలు దగ్గరగా వస్తే నిశ్చింత.

ఏ పొరలను పంపాలి? అడుగు, మలుపు, పైన. డబ్బు మూడింటికే ఉంటే ఈ మూడూ. రెంటికే ఉంటే రెండు బోర్ల మలుపులూ పంపండి. మన ఉదాహరణలో బోరు 1 5.5 మీటర్లూ, బోరు 2 4 మీటర్లూ ఒకే వయసు చూపకపోతే గీత మళ్లీ గీయాల్సిందే.

10. రాసి, దాచిపెట్టడం

ఏరిన చిప్పలను గడులున్న సూక్ష్మజీవాశ్మ పలకల మీద, పలుచని జిగురుతో, ఒక్కో జాతి ఒక్కో గడిలో అతికించండి. నీటికి కరిగే జిగురే వాడాలి, రేపు మీ కన్నా తెలిసినవాళ్లు చిప్పను తిప్పి చూడాలనుకుంటే తడిపి తీయగలగాలి. చెక్కపెట్టెల్లో వద్దు, కొన్ని చెక్కల నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి ఏళ్ల మీద కాల్సైటును తినేస్తుంది. మన తీరపు చెమ్మకు సిలికా జెల్ సంచి తోడుండాలి.

నివేదికలో జాతుల పట్టికతో పాటు బోరు చోటు, నేలమట్టం, ఎన్ని గ్రాములు కడిగింది, ఏ జల్లెడ, పెద్దా పిల్లా లెక్కలు, గీత ఏ మలుపు మీద గీశారో రాయండి. ఖాళీ పొరలనూ రాయండి, "ఏమీ దొరకలేదు" అనేది కూడా పొర చెప్పిన మాటే. కడగకుండా మిగిలిన సగం మట్టిని పారేయకండి. నా దగ్గర అలాంటి సంచులు మంచం కింద నలభైదాకా ఉన్నాయి. ఇంట్లో రోజూ ఒక మాట పడుతుంది, అయినా పోయిన నెల మూడేళ్ల నాటి సంచి ఒకటి విప్పి మళ్లీ కడగాల్సి వచ్చింది, పిల్లడొప్పను కొత్త జాతిగా రాసుకున్న పొరది.